పదకొండూ ఇరవైకి పడిన ఓటు

ఘెంట్, నవంబరు 6

ప్రియమైన సిస్టర్ కొర్నేలియా,

ఈ పొద్దున ట్రామ్ కిటికీ అద్దం మీద పట్టిన ఆవిరిలో ఎవరో వేలితో తాళంచెవి బొమ్మ గీశారు. నేను దిగేలోపు దాని పళ్లు కారిపోయి ఉత్త కర్రలా మిగిలింది. మీ గేటు గదిలో మేకులకు వేలాడే తాళంచెవులు గుర్తొచ్చాయి.

ఇది ఈమెయిల్‌లో రాయవచ్చు. కానీ కాన్వెంటుకు ఉన్నది ఒక్కటే ఈమెయిల్. దాన్ని మధ్యాహ్నం కాఫీ దగ్గర సిస్టర్ లుత్‌గార్ద అందరికీ గట్టిగా చదివి వినిపిస్తారని తెలుసు. అందుకే మీ ఒక్కరి పేరున కాగితం మీద రాస్తున్నాను.

అక్టోబరు 14న మీ తొమ్మిది మంది ఓటు వేశారు కదా. ఊడెంకెర్కలోని పాత ఇంట్లోనే ఉండాలా, కోర్ట్‌రైక్‌లో మీ సంఘం నడిపే వృద్ధాశ్రమానికి మారాలా అని. ఆ ఓటు నడిచిన ప్రోగ్రాం మా ఆఫీసుది. ఐదుగురం పనిచేస్తాం. అందులో లోపలికి వచ్చిన మనిషి ఎవరో తేల్చే భాగం నేను రాశాను. మా ఆఫీసు నడిపే వౌటర్ దాన్ని తలుపు పని అంటాడు. ఫలితం మీకు తెలుసు. ఉండాలని ఐదు, వెళ్లాలని నాలుగు.

నిన్న మీ సంఘానికి కేంద్రమైన పెద్ద ఇంటి నుంచి మదర్ రైన్‌హిల్డ మాకు రాశారు. తొమ్మిది ఓట్లూ ఒకే కంప్యూటరు నుంచి, ఒకే ఫోనుకు వచ్చిన కోడ్లతో పడ్డాయి. ఇది ఎలా జరిగిందో ఆమెకు తెలియాలి. ఆ కంప్యూటరు గేటు గదిలోది. ఆ ఫోనూ గేటు గదిలోదే. గేటు సిస్టర్ తనకు తానుగా వేరేవాళ్ల పేరున ఓటు వేసిందని తేలితే ఆమె చేతి నుంచి తాళాలు తీసుకోవలసి వస్తుందని ఆఖరున ఉంది. "విచారంతో" అనే మాట కూడా ఉంది. ఫిబ్రవరి 2, కొవ్వొత్తుల పండుగ రోజున నిర్ణయం చెబుతారట.

మా సర్వర్‌కు మనుషులు కనబడరు. మీరు గేటు దగ్గర గంట మోత విని వచ్చినవాళ్లెవరో చెప్పేవారు. సర్వర్‌కు అది చేతకాదు. ఒక పేరు అడుగుతుంది. ఆ పేరు గల మనిషికి మాత్రమే తెలిసిన పాస్‌వర్డ్ అడుగుతుంది. తర్వాత ఆ మనిషి చేతిలో ఉండే ఫోనుకు కోడ్ పంపుతుంది. మూడూ సరిపోతే నమ్ముతుంది. ఇద్దరికి ఒకే ఫోను నంబరు ఉండకూడదన్న నియమం కూడా నేనే పెట్టాను. మీ ఇంట్లో ఒకే ఫోను ఉందని తెలిసి, మీ ఇంటి వరకు ఆ నియమాన్ని నేనే తీసేశాను. ఆ మాట వౌటర్‌కు చెప్పాను.

ఆ రోజు పొద్దున నేను వచ్చి ఎలా వాడాలో మీకు చూపించి, సూప్ తాగి, బస్సెక్కాను. కాగితం మీద కూడా రాసి ఇచ్చాను. పేజీ పైన పసుపు పట్టీ ఉంటే అది సాధన పేజీ, లేకపోతే నిజంది. మధ్యాహ్నం మీరంతా ఎలా ఓటు వేశారో నాకు రాస్తారా? ఉన్నది ఉన్నట్టు.

సిస్టర్ వాల్‌బుర్గాకు నా నమస్కారం చెప్పండి. నేనెవరో ఆమెకు గుర్తుండకపోయినా.

మీ
ఆలైదిస్


ఊడెంకెర్క, నవంబరు 11
సెయింట్ మార్టిన్ పండుగ

అమ్మాయ్ ఆలైదిస్,

నీకు తలుపు పని ఇచ్చారా! ఒక్కదాన్నే నవ్వుకున్నాను. బడి నడిచిన రోజుల్లో ఈ గేటు దాటేటప్పుడు నా మొహం చూడకుండా నేల చూస్తూ పోయినదానివి నువ్వొక్కదానివే. ఆరేళ్లపాటు అంతే. నీ బూట్ల చప్పుడును బట్టి గుర్తుపట్టేదాన్ని. ఎడమకాలు కాస్త ఈడుస్తావు. ఇప్పటికీ అంతే.

రైన్‌హిల్డ విచారంతో రాసిందా? నోవిషియేట్‌లో, కొత్తగా చేరి శిక్షణలో ఉన్న రోజుల్లో, నా పక్క మంచం ఆవిడది. గురక పెట్టేది. ఇది నువ్వు రిపోర్టులో రాయకు.

ఎలా వేశామంటావా, చెప్తాను. మా ఇంట్లో "నాది" అనే మాట లేదు. లోపలికి వచ్చిన రోజే దాన్ని గేటు బయట వదిలేశాం. బూటు ఒక్కరిదే అయినా "మన బూటు చిరిగింది" అంటాం. పోయినేడు నా కట్టుడు పళ్లు పోతే "మన పళ్లు కనబడ్డం లేదు" అన్నాను. సిస్టర్ పోలిన్ నవ్వు ఆపుకోలేక భోజనాల గదిలోంచి లేచిపోయింది. అలాంటి ఇంటికి నీ ప్రోగ్రాం వచ్చి, ఒక్కొక్కరూ ఎవరికీ చెప్పని మాట ఒకటి పెట్టుకోండి అంది. ఎవరికీ చెప్పకుండా దాచుకోవడం మాకు యాభై అరవై ఏళ్లుగా అలవాటు తప్పింది. కాఫీ దగ్గర కూర్చుని తొమ్మిది మందికీ కలిపి ఒకటి పెట్టుకున్నాం. మన పాస్‌వర్డ్. అట్ట మీద రాసి ఫోను పక్కన నిలబెట్టాను. నీకూ చూపించాను కదా, నువ్వు మొహం ఎర్రగా చేసుకుని మళ్లీ తెర వైపు తిరిగావు.

మధ్యాహ్నం రెండున్నరకి ఒక్కొక్కరూ గేటు గదికి వచ్చారు, వయసు వరసన. వాళ్ల చేతులు వణుకుతాయి, ఆ చిన్న బాణాన్ని గడిలో నిలపలేరు. కాబట్టి నా చెవిలో చెప్పారు, నేను నొక్కాను. నొక్కేముందు తెర మీద ఉన్నది చదివి వినిపించాను. పసుపు పట్టీ లేదు కదా అని ప్రతిసారీ చూశాను, నీ కాగితం ఎదురుగా పెట్టుకుని.

పోలిన్ వచ్చి, "కొర్నేలియా, చెవి కడుక్కున్నావా? ఒక్కసారే చెప్తాను" అంది.

"చెప్పమ్మా తల్లీ, నీ వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు."

"వాళ్లని గోడవైపు తిరగమను."

తిరిగారు. ముసలివాళ్లు ముగ్గురూ గోడవైపు తిరిగి నిలబడితే నాకు నవ్వాగలేదు. ఎవరు ఏం చెప్పారో నాతోనే పోతుంది.

వాల్‌బుర్గా ఆఖరున వచ్చింది. నేనే చెయ్యి పట్టుకుని తెచ్చాను. "ఇక్కడే ఉందామా, కోర్ట్‌రైక్ వెళ్దామా?" అని అడిగాను. "బస్సు వెళ్లిపోయిందా?" అంది. మళ్లీ అడిగాను. "నా టోపీ ఎక్కడ పెట్టారు?" అంది. మూడోసారి అడిగితే నా చేతిని తడిమి, "నీ చేతులు చల్లగా ఉన్నాయి" అంది. ఇంక ఊరుకున్నాను. ఆమె జవాబు నాకు దొరకలేదు. దొరకనిది నేను నొక్కను.

కాబట్టి మనం వేసినవి ఎనిమిది. మీ యంత్రానికి లెక్క రాదేమో చూసుకో.

గేటు నుంచి,
కొర్నేలియా


ఘెంట్, నవంబరు 19

ప్రియమైన సిస్టర్ కొర్నేలియా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రిపోర్టులో గురక మాట రాయలేదు.

సర్వర్‌లో ఉన్నవి తొమ్మిది. ఎనిమిది మధ్యాహ్నం రెండున్నరకూ మూడున్నరకూ మధ్య పడ్డాయి. తొమ్మిదోది సిస్టర్ వాల్‌బుర్గా పేరున ఉంది. అది పొద్దున పదకొండూ ఇరవైకి పడింది. గేటు గది కంప్యూటరు నుంచే. మీ అట్ట మీద ఉన్న పాస్‌వర్డ్‌తోనే. మీ ఫోనుకు వచ్చిన కోడ్‌తోనే. అది "ఉండాలి" అని.

ఇది ఉన్న విషయం. దీనికి అర్థం ఏమిటో నేను ఎక్కడా రాయలేదు.

ఆ ఓటు తీసేస్తే నాలుగూ నాలుగు. సమానమైతే నిర్ణయం పెద్ద ఇంటిది. వాళ్లు మీ ఇంటి పైకప్పు బాగుచేయించడం ఎప్పుడో మానేశారు. ఏం నిర్ణయిస్తారో మీకూ తెలుసు.

వౌటర్ ఆ జాబితాను పెద్ద కాగితం మీద అచ్చువేసి గోడకు అంటించాడు. పదకొండూ ఇరవై చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. "ఆలైదిస్, నీ సిస్టర్ ముందే ఒకటి వేసేసింది చూడు. పొద్దున్నే ప్రాక్టీసు చేసిందేమో!" అన్నాడు. అందరూ నవ్వారు. నా బల్ల ఆ గోడకు ఎదురుగా ఉంది.

నాకు ఏదీ సరిగా అర్థం కావడం లేదు. లోపలికి వచ్చినవాళ్లు ఎవరో తెలుసుకోవడానికి నేను మూడు తలుపులు పెట్టాను. మూడూ సరిగానే తెరుచుకున్నాయి, ప్రోగ్రాంలో తప్పు లేదు. అయినా వచ్చింది ఎవరో ఆ జాబితా చెప్పలేదు.

నాకు పన్నెండేళ్లప్పుడు సిస్టర్ వాల్‌బుర్గా లైబ్రరీ తాళంచెవి నా చేతికి ఇచ్చారు. విరామంలో ఆటస్థలానికి వెళ్లనక్కరలేదని. ఏమీ అడగలేదు. తాళంచెవి ఇచ్చి వెళ్లిపోయారు. ఇది ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తెలియదు.

చలి జాగ్రత్త.

మీ
ఆలైదిస్


ఊడెంకెర్క, నవంబరు 30

ఆలైదిస్,

ఉత్తరం అందిన దగ్గరనుంచి పదకొండూ ఇరవై నన్ను వదలడం లేదు.

పొద్దున ఏం చేశానో వరసగా పెట్టుకుని చూస్తున్నాను. తొమ్మిదింటికి నువ్వు వచ్చావు. కోటు తియ్యమంటే తియ్యలేదు. పదింటికి కంప్యూటరు ముందు కూర్చున్నాం. నువ్వు నాకు బాణం పట్టుకోవడం నేర్పావు. తర్వాత బేకరీ అతను గంట కొట్టాడు. రొట్టెలు తీసుకుని వంటింటికి పోయాను. సూప్ కింద మంట తగ్గించాను. పార్స్లీ తరిగానా, ముందే తరిగి పెట్టి ఉందా? అక్కడినుంచి నాకు మంచు కమ్మినట్టుంది. పదకొండూ ముప్పావుకి ప్రార్థనకని చాపెల్ గంట కొట్టాను, అది మాత్రం తెలుసు. చెయ్యి తాడు మీద ఉన్నట్టు గుర్తుంది.

మధ్యలో నేను గేటు గదికి వచ్చి వాల్‌బుర్గా పేరున నొక్కానా? ఎందుకు నొక్కుతాను? నీ ఒక్కదానికే చెప్తున్నాను, ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను "వెళ్దాం" అని వేశాను. అవును, నేనే. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఈ తలుపు తీసి మూస్తున్నదాన్ని. పై అంతస్తుకి ఇరవైరెండు మెట్లు. వాల్‌బుర్గాను రోజుకు నాలుగుసార్లు ఎక్కించి దించేది నేను. మన మోకాళ్లు అని అందరం అంటాం గానీ నొప్పి మాత్రం నాకే. వెళ్దాం అనుకున్నదాన్ని, ఆమె పేరున ఉండాలని ఎందుకు నొక్కుతాను?

అయినా ఈమధ్య నన్ను నేను నమ్మలేకపోతున్నాను. పోయిన గురువారం సూప్‌లో ఉప్పు రెండుసార్లు వేశాను. ఎవరూ ఏమీ అనకుండా తాగారు, అదే భయమేసింది. ఆదివారం పిల్లిని చాపెల్‌లో పెట్టి తాళం వేశాను. పోలిన్‌ను అడిగాను.

"పొద్దున పదకొండూ ఇరవైకి నేను ఎక్కడున్నాను పోలిన్?"

"ఏ రోజు?"

"ఓటు రోజు."

"నీకే తెలియకపోతే నాకేం తెలుస్తుంది? నేను నా చెవి మిషను వెతుక్కుంటున్నా."

"మన చెవి మిషను" అని సరిచేశాను. "ఇప్పుడది అవసరమా!" అని కసిరింది.

మీ సర్వర్ అబద్ధం చెప్పదు కదా? చెప్పదు అంటే చెప్పు, నమ్ముతాను. నాకు డెబ్బై ఎనిమిది. దానికెంత?

కొర్నేలియా


ఘెంట్, డిసెంబరు 9

ప్రియమైన సిస్టర్ కొర్నేలియా,

సర్వర్ అబద్ధం చెప్పదు. అది చూసింది పేరు, పాస్‌వర్డ్, కోడ్. ఎవరి చెయ్యో అది చూడలేదు. ఇంతకన్నా ఎక్కువ అది చెప్పలేదు.

సూప్‌లో ఉప్పు ఎవరైనా రెండుసార్లు వేస్తారు. నేనూ వేస్తాను.

ఇవాళ వౌటర్ నన్ను తన గదికి పిలిచాడు. "ఇంకా తేల్చలేదేం?" అన్నాడు.

"తేలడం లేదు" అన్నాను.

"తేలడానికేముంది? గేటు సిస్టర్‌ది పొరపాటు. పెద్దావిడ, ఏదో నొక్కి ఉంటుంది. ఆవిడ చేత నాలుగు వాక్యాల కాగితం మీద సంతకం పెట్టించు. ఓటు రద్దవుతుంది, మన ప్రోగ్రాం మీద మచ్చ ఉండదు. ఎవరూ చచ్చిపోరు."

"తాళాలు తీసుకుంటారు."

"ఏంటి?"

"ఏం లేదు" అన్నాను.

ఆ కాగితం ఇందులో పెట్టమన్నాడు. పెడుతున్నాను. మీరు సంతకం పెట్టనక్కరలేదు. నిజంగా పెట్టవద్దు. నేను ఇంకా రాయాలి. ఈ వారం నాకు జలుబుగా ఉంది, ఆలోచన నిలవడం లేదు. క్రిస్మస్‌కు ముందే వివరంగా రాస్తాను.

మీ
ఆలైదిస్


ఊడెంకెర్క, జనవరి 8

ఆలైదిస్,

క్రిస్మస్ వెళ్లింది, నీ ఉత్తరం రాలేదు. జలుబు ఎక్కువైందేమో అనుకున్నాను. సన్నటి బెల్లం బిస్కెట్లు పంపాను, చేరాయా?

కాగితం మీద సంతకం పెట్టాను. ఇందులో ఉంది. నువ్వు వద్దన్నావు, తెలుసు. అయినా విను.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది, ఇప్పుడు దాదాపు పోయింది. ఎవరైనా ఏదైనా పగలగొడితే భోజనాల గదిలో అందరి ముందు మోకాళ్ల మీద నిలబడి, పగిలిన ముక్కను చేతిలో పట్టుకుని తప్పు చెప్పుకోవాలి. నోవిషియేట్‌లో ఒకసారి టీ కెటిల్ మూతి పట్టుకుని నిలబడ్డాను. ఎవరు పగలగొట్టారో తెలియకపోతే, ఆ వస్తువు ఎవరి గదిలో ఉంటే వాళ్లు మోకరిస్తారు. ఎందుకంటే తప్పు కూడా మనదే, నాది అంటూ ఉండదు. కంప్యూటరు నా గదిలోది. ఫోను నా గదిలోది. కాబట్టి కొత్త సంవత్సరం మర్నాడు, ఫోను చేతిలో పట్టుకుని మోకరించాను.

సగంలో అది మోగింది.

"కొర్నేలియా, మన ఫోను మోగుతోంది" అంది పోలిన్.

"తెలుస్తోంది."

"ఎత్తు మరి!"

మోకాళ్ల మీదే ఎత్తాను. పళ్ల డాక్టరు దగ్గరనుంచి. సిస్టర్ లుత్‌గార్ద నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. తర్వాత చూస్తే ఏడుపే. ఇంటి పెద్దగా తాళాలు తీసుకోవలసింది ఆమే. మేకుల మీంచి నా చేతులతోనే తీసి ఇచ్చాను, ఏది ఏ తలుపుదో చెప్తూ. రెండు చెప్పేసరికి ఆమె, "చాలు కొర్నేలియా, మిగతావి రేపు" అంది.

మతిమరుపేమో చూడమని డాక్టరు దగ్గరికీ వెళ్లాను. గడియారం బొమ్మ గీయమన్నాడు. గీశాను. టైము చూపించే ముళ్లు పెట్టమన్నాడు. ఆయన ఏ టైము చెప్పాడో వినలేదు, పదకొండూ ఇరవై పెట్టాను. ఆయన ఏదో రాసుకున్నాడు.

ఇప్పుడు బయట గంట మోగితే నేను లేస్తాను, లుత్‌గార్ద వెళ్తుంది. ఆమెకు ఏ గంట ఎవరిదో తెలియదు. ప్రతిసారీ "ఎవరు?" అని అరుస్తుంది. బేకరీ అతను పదిహేనేళ్లుగా వస్తున్నాడు, నిన్న వీధిలో నిలబడి పేరు చెప్పుకున్నాడు పాపం.

నేను నొక్కినట్టు నాకు గుర్తులేదు. నొక్కలేదనీ గుర్తులేదు. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉన్నాను. సంతకం పెట్టాక అక్కడినుంచి కదలక్కరలేదు అనిపించింది.

ఒకటి అడగాలి. ఆ రోజు నువ్వు ఎన్నింటి బస్సెక్కావు? నేను వంటింట్లోంచి వచ్చేసరికి వాల్‌బుర్గా నీ పక్క కుర్చీలో కూర్చుని ఉందని ఇవాళ పొద్దున ప్రార్థనలో గుర్తొచ్చింది. నువ్వు అప్పటికే లేచి నిలబడ్డావు. నిజమేనా, ఇదీ నేను కల్పించుకున్నదేనా?

కొర్నేలియా


ఘెంట్, జనవరి 12

ప్రియమైన సిస్టర్ కొర్నేలియా,

నిజమే. మీరు కల్పించుకోలేదు. పన్నెండున్నర బస్సెక్కాను. పదకొండూ ఇరవైకి గేటు గదిలో ఉన్నాను. ఆ ఓటు నేను వేశాను.

ఈ ఉత్తరం కంటే ముందు రెండు పంపాను. ఒకటి మదర్ రైన్‌హిల్డకు, రెండోది మీ ఇంటి ఈమెయిల్‌కు. కాఫీ దగ్గర సిస్టర్ లుత్‌గార్ద గట్టిగా చదవాలని. అందులో ఉన్నది మూడు వాక్యాలు. సిస్టర్ వాల్‌బుర్గా పేరున ఓటు వేసింది ఆలైదిస్, ఆఫీసు మనిషి. సిస్టర్ కొర్నేలియాకు ఆ సంగతి తెలియదు. తాళాలు ఆమెకు తిరిగి ఇవ్వండి. మీరు సంతకం పెట్టిన కాగితాన్ని చింపాను. ముక్కలు ఇందులో ఉన్నాయి. అవి పట్టుకుని మోకరించవలసింది నేను. నాకు భోజనాల గది లేదు.

మీరు రొట్టెలు తెచ్చుకోవడానికి వెళ్లారు. సిస్టర్ వాల్‌బుర్గా చేతికర్ర పట్టుకుని లోపలికి వచ్చి నా పక్కన కూర్చున్నారు. "బస్సు వెళ్లిపోయిందా?" అన్నారు. "ఇంకా రాలేదు" అన్నాను. "అయితే ఇక్కడే కూర్చుంటాను" అన్నారు. అంతే. దాన్ని నేను జవాబుగా తీసుకున్నాను. ఆమె పేరు టైపు చేశాను. పాస్‌వర్డ్ అట్ట మీద ఉంది. ఫోను అరలో ఉంది. కోడ్ వచ్చింది. నా మూడు తలుపులూ నాకు తెరుచుకున్నాయి.

ఆమె మనసులో ఏముందో నాకు తెలుసని అనుకున్నాను. లైబ్రరీ తాళంచెవి ఇచ్చిన మనిషి ఆ ఇంట్లోంచి వెళ్లాలనుకోదని. మీరు ఆమెను రోజూ మెట్లెక్కించి, ఆమె అడుగుల చప్పుడు తెలిసి కూడా, మూడుసార్లు అడిగి ఊరుకున్నారు. నేను అడగనే లేదు. మీ మొదటి ఉత్తరం చదివిన రోజే ఇది రాయాల్సింది. కాగితం తీశాను. ఓటు పోతే ఇల్లు పోతుంది అనుకున్నాను. తర్వాత మీరు ఉప్పు గురించి రాశారు. మీకు మతిమరుపు వచ్చిందేమో అని మీరే అనుకోవడం మొదలుపెట్టారు. నాకది చదవడం కష్టంగా ఉంది, అయినా ఇంకో వారం ఆగాను. ఆ తర్వాత ఇంకో వారం. జలుబు లేదు.

ఇప్పుడు నాలుగూ నాలుగు. ఫిబ్రవరిలో ఇల్లు మూసేస్తామని చెబుతారు. నేను ఆపాలనుకున్నది ఇలా నా చేతిమీదుగానే జరుగుతుంది. కోర్ట్‌రైక్ ఇంటికి లిఫ్టు ఉందని చూశాను. మీ మోకాళ్లకు మంచిది. ఇది సమర్థించుకోవడానికి రాయడం లేదు.

డాక్టరుకు చెప్పండి, ముళ్లు సరిగానే పెట్టారని.

పొద్దున వౌటర్‌కు చెప్పినప్పుడు అతను లేచి గది తలుపు వేశాడు. తర్వాత మెత్తగా అన్నాడు.

"సాధన పేజీ అనుకుని నొక్కావు. అంతే కదా? ఎవరికైనా జరుగుతుంది. అలాగే రాద్దాం."

గోడ మీది కాగితం తీసి మడిచి సంచిలో పెట్టుకున్నాను.

బిస్కెట్లు చేరాయి. డబ్బా ఇంకా తెరవలేదు.

ఆలైదిస్

తా.క. పేజీ పైన పసుపు పట్టీ లేదు. నొక్కేముందే చూశాను.